పిండిసంచీ మీద కుట్టిన రోడ్లు

మీ బుకింగ్ రద్దయింది, చింతిస్తున్నాం అని మొన్న శుక్రవారం పొద్దున మెయిల్ వచ్చింది. కాఫీ ఇంకా సగం కూడా తాగలేదు. రద్దు చెయ్యమని నేను ఎవరితోనూ అనలేదు. నా పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది, నా కూతురు. వెంటనే ఫోన్ చేశాను.

"అవునమ్మా, నేనే క్యాన్సిల్ చేశా," అంది. తప్పు చేసినదాని గొంతు కాదు, చంటిపిల్లకి మందు పట్టినదాని గొంతు. "నీకు సిక్స్టీ సిక్స్. స్టెంట్ వేసి వన్ ఇయర్ అయింది అంతే. ఫ్రాన్స్‌లో ఎక్కడో విలేజెస్‌లో ఒక్కదానివే ఎయిట్ డేస్ సైకిల్ తొక్కుతావా? ఆ రోడ్స్ మీద కార్లే రావంట. పడిపోతే ఎవరు చూస్తారు?"

"కార్లు రావు కాబట్టే కదే ఆ రోడ్లు ఎంచుకున్నాను! డాక్టర్ వెళ్లమన్నాడు కదా."

"డాక్టర్ ఎక్సర్‌సైజ్ చెయ్యమన్నాడు. ఫ్రాన్స్ వెళ్లమనలేదు. ఇంకోటమ్మా, నువ్వు ఫోటో పంపావ్ కదా, మీ తాతయ్య మ్యాప్. నేను చెక్ చేశా. అది మొత్తం రాంగ్. సముద్రం ఈస్ట్‌లో పెట్టాడు. అక్కడ ఈస్ట్‌లో సముద్రం లేదు. అది పట్టుకుని నువ్వు ఎటు పోతావ్?"

వయసు గురించి అంటే పడ్డాను. గుండె గురించి అన్నా పడ్డాను. మా తాతయ్య మ్యాప్ తప్పు అనేసరికి మాత్రం ఒళ్లు మండిపోయింది. నీకేం తెలుసే, అని ఫోన్ పెట్టేశాను. చల్లారిపోయిన కాఫీ సింకులో పారబోసి, అల్మారా పైఅరలోంచి గుడ్డ దించాను.

అది గుడ్డే. మైదాపిండి సంచీ కుట్లు విప్పితే వచ్చిన గుడ్డ, తువ్వాలంత ఉంటుంది. బొగ్గుతో గీసుకుని, గీత చెరిగిపోతుందని దాని మీద నల్లదారంతో తనే కుట్టుకున్నాడు తాతయ్య. రోడ్లన్నీ నల్లదారం. కాలవ ఆకుపచ్చ. కుడిచేతి అంచు పొడుగునా నీలం, అది సముద్రం. ఊళ్లకి పేర్లు లేవు, గుర్తులు ఉన్నాయి. ఒకచోట గంట, ఒకచోట వంతెన, ఒకచోట ద్రాక్షగుత్తి, ఒకచోట కోడి. నా పెళ్లిచీర మడతల్లో పెట్టి ఈ దేశం తెచ్చుకున్నాను. లవంగాలూ కలరా ఉండలూ కలిసిన వాసన వేస్తుంది. అమెరికాలో నేను మారిన ఆరు ఇళ్లలోనూ ఆ వాసన ఒక అల్మారాలో ఉంది.

మా ఊరు గోదావరి సముద్రంలో కలిసే చోట ఉంటుంది. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల పాలన. నేను పుట్టేసరికి వాళ్లు వెళ్లిపోయారు గానీ వాళ్ల కొలువు చేసి పింఛను పుచ్చుకునే ముసలాళ్లు ముగ్గురు మిగిలారు. అందులో మా తాతయ్య ఒకడు. ఏటా వానలు మొదలయ్యే రోజుల్లో, ఫ్రెంచివాళ్ల జాతీయ పండగ పొద్దున, ఈ ముగ్గురూ నల్లకోట్లు తొడుక్కుని, గుండెల మీద పతకం బిళ్లలు పెట్టుకుని, జెండా కొయ్య దగ్గర వరసగా నిలబడి సెల్యూట్ కొట్టేవారు. ఆ ఉక్కపోతకి కోట్ల లోపల చెమట కారిపోయేది. ఊరంతా చూసి నవ్వేది, వాళ్లు మాత్రం కదిలేవారు కాదు.

నాన్నది బదిలీల ఉద్యోగం. చదువు చెడిపోతుందని నన్ను తాతయ్య దగ్గర, మామ్మ దగ్గర ఉంచారు. తాతయ్య దక్షిణ ఫ్రాన్సులో ఒక సిపాయిల బారకాసులో పద్దెనిమిదేళ్లు ఉన్నాడు. యుద్ధం చేశాడని ఊళ్లోవాళ్లు అనుకునేవారు. కుడికాలు మోకాలి దగ్గర వంగేది కాదు, అది తూటా అనుకునేవారు. అవునని గానీ కాదని గానీ ఆయన అనేవాడు కాదు. పొద్దున్నే పాలు లేని కాఫీ పెట్టుకుని తాగేవాడు. ఆదివారం పూట ఉల్లిపాయలు సన్నగా తరిగి, నేతిలో గంటసేపు ఎర్రగా వేయించి, నీళ్లు పోసి చారు కాచేవాడు. ఎండిపోయిన రొట్టెముక్క అందులో వేసి ఇచ్చేవాడు. ఆ వాసనకి వీధి చివరి కుక్క కూడా వచ్చేది.

"పోపు లేదు, చింతపండు లేదు, అదొక చారా?" అనేది మామ్మ. "పద్దెనిమిదేళ్లు దేశంగాని దేశంలో ఉండి ఈయనగారు నేర్చుకొచ్చిన విద్య ఇదీ. ఉల్లిపాయలన్నీ తగలేశాడు."

ఆ తరవాత మామ్మ కూడా ఒక గిన్నెడు తాగేది. అందరి భోజనాలూ అయ్యాక, వంటింట్లో నిలబడి.

నాన్న వదిలేసిన నల్లసైకిలు పెరట్లో ఉండేది. మగాళ్ల సైకిలు, పైన కడ్డీ, వెనకాల మంచం కోడంత లావు ఇనుముతో కారియర్. నాకు పదేళ్లప్పుడు తాతయ్య దాన్ని తుడిచి నూనె వేసి, ఫ్రేము సందులోంచి కాలు దూర్చి తొక్కడం నేర్పాడు. ఆయన ఎక్కలేదు. కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి చెప్పేవాడు. "చక్రం చూడకు అమ్మడూ, దూరం చూడు. ఎగువ వచ్చినప్పుడు ఊపిరి దాచుకో. కాలు కింద పెట్టావో, మళ్లీ మొదట్నుంచి." అంత బాగా చెప్పేవాడు ఎంత బాగా తొక్కి ఉంటాడో అనుకునేదాన్ని.

తొక్కడం వచ్చాక పిండిగుడ్డ తీశాడు. ఆ గుడ్డమీది దారి మొత్తం మా కాలవగట్టు మీదకి దించేశాడు. లాకుల దగ్గర వంతెన గుర్తు. తమలపాకు తోటలు ద్రాక్షతోటలు. రెండు వరసల కొబ్బరిచెట్లున్న చోట నీడరోడ్డు, అక్కడ కూడా చెట్లు ఇలాగే రెండు పక్కలా కలుసుకుంటాయని చెప్పేవాడు. సత్రం దగ్గర గంట ఊరు. కోళ్లు పెంచే ముసలమ్మ ఇల్లు కోడి ఊరు. చివర సరుగుడు తోపు, అది దాటితే సముద్రం. మా వైపు నేల చాపలా ఉంటుంది, కొండ అన్నది లేదు. లాకుల వంతెన ఎక్కుడే మాకు కొండ. దాన్ని పదిసార్లు ఎక్కించి పదిసార్లు దింపేవాడు. పదోసారికి నాలిక బయటికొచ్చేది.

ఒక్క తప్పు మాత్రం నేర్పాడు. రోడ్డుకి కుడిపక్కన వెళ్లమనేవాడు. అక్కడ అంతే మరి. మా ఊళ్లో అందరూ ఎడమపక్క వెళ్తుంటే నేను ఒక్కదాన్నే ఎదురెళ్లేదాన్ని. ఒకరోజు లాకుల దిగువలో చేపలమ్మే ఆవిడని గుద్దేశాను. తట్ట ఎగిరిపోయి చేపలన్నీ గట్టున పడ్డాయి. "నీ సైకిలు మండా! కళ్లు నెత్తికెక్కాయా?" అని ఆవిడ తిట్టిన తిట్లు ఇప్పటికీ అప్పజెప్పగలను. తాతయ్య కుంటుకుంటూ వచ్చి చేపలన్నీ ఏరి, కడిగి, తట్టలో పేర్చి, తలొంచుకుని క్షమాపణ చెప్పుకున్నాడు. ఆవిడ వెళ్లాక, "అయినా నువ్వు కుడిపక్కే ఉన్నావు కదా," అన్నాడు నాతో. పాతికేళ్ల తరవాత ఇక్కడ డ్రైవింగ్ టెస్టుకి వెళ్తే, మీవాళ్లందరూ ఎడమకి లాగుతారు, మీకు ఎలా అలవాటైంది అని అడిగాడు పక్కన కూర్చున్నాయన. మా తాతయ్య, అని చెప్పి ఊరుకున్నాను.

పదమూడో ఏట నేను పెద్దమనిషినయ్యాను. తాటాకు చాప మీద కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి పెట్టారు. పేరంటాళ్లు వచ్చారు, పాటలు పాడారు. చిమ్మిలి ఉండలు రెండు ఓణీ కొంగులో దాచి కిటికీలోంచి తాతయ్యకి అందించేదాన్ని. ఆయనకి తీపి పెట్టొద్దని మామ్మ ఆర్డరు. చాప మీంచి లేచిన రోజు స్నానం చేసి తిన్నగా పెరట్లోకి పరిగెత్తాను. సైకిలుకి గొలుసు వేసి ఉంది. తాళంచెవి మామ్మ బొడ్లో ఉంది.

"చాల్లే సంబడం," అంది మామ్మ. "ఇంక నువ్వు చిన్నపిల్లవి కావు. గట్టున పడి ఊరేగితే రేపు నిన్నెవడు చేసుకుంటాడు?"

ఏడ్చాను, అన్నం మానేశాను. మామ్మ కరగలేదు. రెండు రోజులు చూసి తాతయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన వసారాలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు.

"నువ్వు చెప్పు తాతయ్యా. నువ్వయితే ఆ రోడ్లన్నీ తొక్కినవాడివి, నీ మాట వింటుంది."

ఆయన చేతిలో ఉన్న ఉల్లిపాయ పూర్తిగా ఒలిచాడు.

"నాకు సైకిలు రాదే అమ్మడూ," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఆయన యుద్ధం చెయ్యలేదు. బారకాసులో వంటవాడు. తూటా కాదు, మరుగుతున్న చారు గుండిగ జారి మోకాలి మీద పడింది. బయటికి పోవడానికి సెలవు దొరికేది కాదు. దొరికినా మావంటి నల్లవాడికి సైకిలెవడిస్తాడే అన్నాడు. వంటింటి వెనక గేటు పక్కనే ఒక చిన్న రోడ్డు ఉండేదట. ఆదివారాలు సైకిళ్ల మీద జనం వచ్చి అక్కడ కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునేవారట. ఈయన బంగాళాదుంపలు చెక్కుకుంటూ, ఎక్కణ్నించి వచ్చారు, ఎటు వెళ్తారు, దారిలో ఏముంది అని వచ్చీరాని భాషలో అడిగేవాడట. కొందరు పలికేవారు కాదు. కొందరు నవ్వి చెప్పేవారు. చెప్పినవన్నీ ఆ రాత్రికి బొగ్గుతో గుడ్డమీద ఎక్కించేవాడు. అలా పద్దెనిమిదేళ్లు.

"ఒక్కసారైనా వెళ్లాలనుకున్నాను," అన్నాడు. "కుదరలేదు. నువ్వు తొక్కుతుంటే నేను గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి కదా, అంతవరకు వెళ్లినట్టే."

ఆ మాట విని జాలిపడలేదు నేను. పిచ్చికోపం వచ్చింది. మామ్మ మీద, ఆ గేటు మీద, పలకకుండా నీళ్లు పట్టుకుపోయిన వాళ్ల మీద. ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

వారం తిరక్కుండా నల్లకోట్ల రోజు వచ్చింది. పొద్దున్నే మామ్మ స్నానానికి వెళ్తూ తాళంచెవి చీరతో పాటు గూట్లో పెట్టింది. తీసుకున్నాను. గొలుసు విప్పాను. తాతయ్య నల్లకోటు తొడుక్కుని, బిళ్ల పెట్టుకుని వీధరుగు మీద నిలబడి ఉన్నాడు. లంగా ఎగ్గట్టి, సైకిలు అరుగుకి ఆనించి పట్టుకున్నాను.

"ఎక్కు."

"ఎక్కడికే?"

"ఫ్రాన్సుకి. ఎక్కు తాతయ్యా, మామ్మ వచ్చేస్తుంది."

ఆయన అటూ ఇటూ చూశాడు. కర్ర అరుగు మీద పారేసి, కారియర్ మీద పక్కకి తిరిగి కూర్చున్నాడు. వంగని కాలు బారుగా చాపి ఉంది. అరుగు ఎత్తున ఉంది కాబట్టి కదిలాం గానీ లేకపోతే ఆ రోజు కదిలేవాళ్లం కాదు.

వీధి మధ్యనుంచి, కుడిపక్కనే తొక్కాను. "పెద్దమనిషైన పిల్ల, ముసలాణ్ని ఎక్కించుకుని, ఇదేం విడ్డూరమమ్మా!" అని అరుగుల మీద వాళ్లందరూ లేచి నిలబడ్డారు. ఎవడో ఈల వేశాడు. జెండా కొయ్య దగ్గర మిగతా ఇద్దరు ముసలాళ్లూ కోట్లలో నిలబడి మూడో మనిషి కోసం చూస్తున్నారు. మేం వాళ్ల ముందునుంచే వెళ్లాం. తాతయ్య ఒక చేత్తో నా సీటు పట్టుకుని రెండో చేత్తో కారియర్ మీంచే సెల్యూట్ కొట్టాడు. వాళ్లు నోరెళ్లబెట్టి, అలవాటు కొద్దీ, వాళ్లూ కొట్టారు.

లాకుల వంతెన దగ్గర నా పని అయిపోయింది. సగంలో తొడలు వణికాయి, సైకిలు అటూ ఇటూ ఊగింది.

"దిగుతానే అమ్మడూ, నడుస్తాను," అన్నాడు.

"దిగావో చూడు! నువ్వు దిగితే నేను కాలు కింద పెట్టాలి. కాలు పెడితే మళ్లీ మొదట్నుంచి. నువ్వే కదా చెప్పావు."

ఆయన ఊపిరి కూడా బిగబట్టాడనుకుంటాను. ఎక్కేశాం. ఆ తరవాత నేను ఏమీ అడగలేదు, ఆయనే ఒక్కొక్క ఊరి గుర్తూ గట్టిగా చెప్పుకుంటూ వచ్చాడు. ద్రాక్షతోట. నీడరోడ్డు. గంట. కోడి. కోళ్ల ముసలమ్మ నిజంగానే బయటికొచ్చి చూసింది. సరుగుడు తోపులో ఇసకకి చక్రం దిగబడి ఆగిపోయాం, అక్కడ కాలు కింద పెట్టాను. అప్పటికి దారి అయిపోయింది కాబట్టి ఫరవాలేదన్నాడు. సముద్రం మీద ఎండ మెరుస్తోంది. కోటు గుండీలు విప్పుకుని చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు.

"అక్కడ కూడా ఇటేనే, సముద్రం," అన్నాడు. నీళ్ల మీదకి లేచిన పొద్దుకేసి చెయ్యి చూపించాడు. ఆయన ఏడవలేదు, నేనే ఏడ్చాను.

ఇంటికొచ్చేసరికి మామ్మ గుమ్మంలో ఉంది. నన్ను కొట్టలేదు. నాలుగు రోజులు మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. అన్నం కంచాలు ఠంగుమని కింద పెట్టేది. గొలుసు మాత్రం మళ్లీ వెయ్యలేదు. నన్నెవడు చేసుకుంటాడన్న ప్రశ్నకి తరవాత జవాబు దొరికింది. చేసుకున్నాడు, మంచివాడే, నాలుగేళ్ల కిందట పోయాడు.

తాతయ్య నా పద్దెనిమిదో ఏట పోయాడు. గుడ్డ నాకిమ్మని చెప్పాడట. ఆ రోడ్లు తొక్కాలని నలభై ఎనిమిదేళ్లుగా అనుకుంటున్నాను. ముందు చదువు, తరవాత వీసా, పిల్ల, ల్యాబులో ఉద్యోగం, మా ఆయన జబ్బు. ఒక్కొక్కటీ నిజమే. అన్నీ కలిపితే నేనూ గేటు వెనకాలే నిలబడ్డానని పోయినేడు హాస్పిటల్ మంచం మీద తెలిసింది. ఇంటికొచ్చి మూడో నెలలో డాక్టర్‌ని అడిగి సైకిలు కొనుక్కున్నాను. ఇక్కడ నేనుండే ప్లెయిన్స్‌బరోకి దగ్గర్లో ఒక పాత కాలవ ఉంది, పక్కన మట్టిదారి. తొమ్మిది నెలలుగా పొద్దున్నే దాని మీద తొక్కుతున్నాను. మా అపార్ట్‌మెంట్స్‌లో మాస్టర్స్ చదివే పిల్లలు లిఫ్ట్‌లో నన్ను హెల్మెట్‌తో చూసి, "ఆంటీ, మీరు కేక!" అంటారు. అనండి నాయనా అంటాను.

ఇదంతా తలుచుకుంటూ ఆ శుక్రవారం గుడ్డ ముందేసుకుని కూర్చున్నప్పుడు వెలిగింది నాకు. వంటింటి వెనక నిలబడ్డ గోదావరి మనిషికి, ఈ రోడ్డు చివర సముద్రం ఉందని ఎవడో చెప్తే, ఆయన దాన్ని ఎటు పెడతాడు? పొద్దు పొడిచే వైపే పెడతాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన చూసిన సముద్రం అటే ఉంది.

ఆదివారం కూతురు వచ్చింది. మొహం వాచి ఉంది. గుడ్డ డైనింగ్ టేబుల్ మీద పరిచి, పక్కన ఐప్యాడ్‌లో అక్కడి మ్యాప్ తెరిచి పెట్టాను.

"సముద్రం తూర్పున పెట్టాడన్నావు. నిజమే. ఇప్పుడు చూడు," అని గుడ్డని గడియారం తిరిగే వైపు పావుచుట్టు తిప్పాను. నీలం అంచు కిందికి, దక్షిణానికి వచ్చింది.

అది వంగి చూసింది. ఆకుపచ్చ దారం మీద వేలు పెట్టి, ఐప్యాడ్ మీద కాలవ వెంట రెండో వేలు నడిపించింది. రెండూ ఒకేచోట వంపు తిరిగాయి. వంతెన దగ్గర వంతెన ఉంది. రోడ్డు చీలిన చోట రోడ్డు చీలింది.

"ఓ మై గాడ్," అంది మెల్లగా. "ఈ కోడి విలేజ్ మాత్రం మ్యాప్‌లో లేదమ్మా."

"వెళ్లి చూసి చెప్తాను ఉందో లేదో."

అప్పుడు దానికి కళ్లనీళ్లు వచ్చాయి. "హాస్పిటల్‌లో బయట కూర్చున్నది నేనమ్మా. నువ్వు కాదు. నైన్ అవర్స్. నీకు తెలీదు."

దగ్గరికి తీసుకున్నాను. దాని భయం అబద్ధమని నేనెప్పుడూ అనలేదు. "తెలుసే. రోజూ సాయంత్రం ఊరు చేరగానే ఫోన్ చేస్తాను. మందులు వేసుకుంటాను. ఎగువ వస్తే ఊపిరి దాచుకుంటాను. అంతకన్నా ఏమీ ఒప్పుకోను. మళ్లీ బుక్ చేశాను. పాస్‌వర్డ్ మార్చాను."

"అమ్మా!"

"మా మామ్మ కూడా నా సైకిలు తాళంచెవి గూట్లో పెట్టే స్నానానికి వెళ్లింది. నువ్వూ కాస్త నేర్చుకో."

ఏడుస్తూనే నవ్వింది. టీ పెట్టాను. కప్పు పట్టుకుని గుడ్డమీది గంటని వేలితో తడుముతూ కూర్చుంది.

"అట్లీస్ట్ ఆ టూర్ వాళ్లిచ్చే సైకిల్ మంచిదేనా?"

"మంచిదే. తేలికది. నేనే వెనకాల కారియర్ పెట్టమని రాశాను."

"కారియర్ ఎందుకు? లగేజ్ వాళ్లే వ్యాన్‌లో తెస్తారు కదా."

"వాళ్లూ అదే అడిగారు. ఏం పెడతారు, బరువెంత అని."

"ఏం చెప్పావ్?"

"ఒక పిండిసంచీ గుడ్డ అని రాశాను. బరువేం ఉండదు గానీ కారియర్ మాత్రం గట్టిది కావాలని చెప్పాను."